బొంత కింద గొంతు

వాకిట కళ్ళాపి చల్లుతూనే గంగులమ్మ ఇంట్లోకి కేకేసింది.

"పాపా, పాలు పొంగిపోతా ఉండాయి సూడు! మీ నాయన్ను పలకరించను సత్యవేడు వాళ్ళు వస్తారంట. ఇంకొన్ని పాలు తెప్పించు."

హేమశ్రీ పాలగిన్నె దించింది. నాయన గోవిందయ్య మామిడితోటలో నిచ్చెన మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఆ ఇంటికి రాని చుట్టం లేదు. పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చారు. వెదురుబద్దల మధ్య బిగించిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆయన వసారాలో మంచం మీద కూర్చుంటాడు. వచ్చినవాళ్ళు చుట్టూ చేరి, తమకు తెలిసిన విరిగిన ఎముకల కథలన్నీ చెప్పి, కాఫీ తాగి వెళ్తారు. వాళ్ళ ముందు ఇంటి ఆడపిల్ల తిరగకపోతే పొగరంటారు.

ఈరోజు మాత్రం హేమశ్రీకి ఎవరికీ కనబడకుండా పోవాలని ఉంది.

నాయన పడ్డాక ఆమె నాయుడుపేట కంపెనీలో డబ్బాలు సర్దే పని వదిలి వచ్చేసింది. ఊరి బడిలో పాఠం పైకి చదవాలంటే టీచరు ఎప్పుడూ తననే లేపేది. ఆ గొంతుతోనే బతకాలని, ఫోనులో కథలు చదివి పంపే పని కోసం వెతుకుతోంది. నమూనాలు పంపితే చాలామంది బదులే ఇవ్వలేదు. కొందరు ఊరికే చదివిపెట్టమన్నారు. ఒకాయన రికార్డింగులో వెనకాల కోడి కూస్తోందన్నాడు. నిన్న మొదటిసారిగా, తిరుపతిలో కథల ఛానల్ నడిపే జాహ్నవి ఫోన్ చేసింది.

"ఒక కథ పంపాను. రేపు సాయంత్రంలోగా చదివి పంపు. బయటి శబ్దాలు ఒక్కటీ ఉండకూడదు. బాగుంటే వారానికో కథ నీకే."

సోమవారం మళ్ళీ కంపెనీ బస్సెక్కాలని అమ్మ అప్పటికే తేల్చేసింది. అక్కడి సూపర్‌వైజరుతో మాట్లాడిపెట్టింది మేనత్త మునిరత్నమ్మ. ఈ కథ వెళ్ళకపోతే హేమశ్రీకి ఆ బస్సు తప్ప దారి లేదు.

"మా, ఈపొద్దు నాకు పనుండాది. కాసేపు పిలవొద్దు," అంది భయపడుతూనే.

"ఇంట్లో కూసోని సేసే పనేందే? పనంటే ఆ గిన్నెలు తోము, పో."

సత్యవేడు వాళ్ళతోపాటు మేనత్త కూడా దిగింది. కాఫీలు ఇచ్చి, హేమశ్రీ గదిలోకి జారుకుని గడియ పెట్టింది. కిటికీ మూసి, ఫ్యాను ఆపి, గోడ పక్కన కూర్చుని పాత బొంత నెత్తిమీద కప్పుకుంది. ఆ బొంతే ఆమె స్టూడియో. లోపల చీకటి, ఉక్క. రెండు వాక్యాలు చదివిందో లేదో మిక్సీ మోగింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. "హేమా, నీళ్ళు!" అని కేక. బయటికొచ్చి, నవ్వి, నీళ్ళిచ్చి, మళ్ళీ బొంతలో దూరింది. గొంతు నిండా మాటలున్నాయి, వాటికి ఇంట్లో చోటు లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు కొంచెం సద్దుమణిగింది. హేమశ్రీ కథలోకి పూర్తిగా దిగిపోయింది. చెయ్యి కడుక్కోవడానికి అటు వచ్చిన మేనత్త తలుపు దగ్గర ఆగింది.

"ఎన్నాళ్ళని ఇలా దాక్కుని మాట్లాడుకుంటాం? ఇక నావల్ల కాదు. నువ్వొచ్చి నన్ను తీసుకెళ్ళు," అంటోంది లోపలి గొంతు.

"వొదినా, ఇట్లా రా! నీ కూతురు ఎవుడితోనో లేసిపోతాందే!"

మరుక్షణం తలుపు దబదబా మోగింది. హేమశ్రీ బొంత భుజాన వేలాడుతుండగానే, చెమటతో తడిసిన మొహంతో గడియ తీసింది.

"ఎవుడే వాడు?"

"ఎవురు మా?"

"నాటకాలాడాకు! ఇందుకేనా కంపెనీ వొద్దంటాండేది? ఇంటినిండా సుట్టాలు, మీ నాయన సెయ్యిరిగి కూసోనుండాడు. నిన్ను కనినందుకు నా మొగాన పేడనీళ్ళు సల్లినావు గదే!"

"టౌను పిల్లోడే అయ్యింటాడు వొదినా," అంది మేనత్త. "మన మాదిరి మాట్లాడలా. టీవీలో మాదిరి మాట్లాడింది."

హేమశ్రీ చేతిలో ఫోను చూపించబోయింది. వసారాలోంచి గోవిందయ్య గొంతు వినిపించింది.

"ఆ ఫోను ఇట్లా తే పాపా. అందరూ ఇననీ."

రికార్డింగు ఇంకా నడుస్తూనే ఉంది. ఆపి, మొదటినుంచి పెట్టింది. కథలో మంగ అనే పిల్ల పెరట్లో నిలబడి ఏడ్చింది. ఒకరినొకరు చూసుకుంటున్న చుట్టాలు మెల్లగా మంచం చుట్టూ చేరారు. 'నువ్వొచ్చి నన్ను తీసుకెళ్ళు, అంది మంగ' అనే మాట వచ్చేసరికి మేనత్త తల దించుకుంది.

ఆ వెంటనే ఫోనులో తలుపు దబదబలాడింది. 'ఎవుడే వాడు!'

"ఆపే," అంది గంగులమ్మ.

"ఆపొద్దు," అన్నాడు గోవిందయ్య. "ఇను."

పేడనీళ్ళ మాట దాకా వసారా అంతా విన్నది. గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా గొంతు ఇట్లా ఉంటాదా?"

"రోజూ ఇట్లనే ఉంటాది మా," అంది హేమశ్రీ మెల్లగా. "దాన్నంతా కోసేసి, నా గొంతు మాత్రం పంపుకుంటా ఉండా."

గంగులమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురి భుజాన జారిపోతున్న బొంతను సరిచేసి, కొంగుతో పిల్ల మొహం తుడిచింది.

"తప్పయిపాయె బిడ్డా. పో, లోపలికి పో," అని తలుపు తనే దగ్గరికి వేసింది.

బొంత కింద అదే చీకటి, అదే ఉక్క. కానీ బయట ఇల్లు ఊపిరి బిగబట్టినట్టుంది. హేమశ్రీ కథంతా ఆగకుండా చదివేసింది. పంపేముందు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నది. మధ్యలో ఒకచోట, తలుపవతల నుంచి సన్నగా అమ్మ గొంతు.

'సప్పుడు సెయ్యాకండి. సెప్పులు ఆడ్నే ఇడిసి రాండి. లోపల పాప పని సేస్తా ఉండాది.'

పని. ఆ మాటను అమ్మ నోట తన గురించి వినడం అదే మొదలు. హేమశ్రీ కళ్ళు మసకబారాయి. జాహ్నవి కోసం ఆ ముక్క కోయక తప్పదు. కోసింది, పారేయకుండా విడిగా దాచుకుంది. కథ పంపింది.

పొద్దువాలుతుండగా బదులు వచ్చింది. "బాగుంది. వచ్చే వారం కథ ఇదిగో."

తలుపు తీస్తే గంగులమ్మ గడప మీదే కూర్చుని ఉంది. పక్కన కూతురి కోసం పెట్టిన కాఫీ చల్లారిపోయింది.

"ఏమన్నారు?" అంది గుసగుసగా.

"ఇంకో కథ ఇచ్చినారు మా."

"అయితే ఆ బస్సుకు మీ అత్తనే పొమ్మందాం."

"అయిపోయింది మా. ఇంక గట్టిగా మాట్లాడొచ్చు."

"వొద్దులే," అంది గంగులమ్మ, ఇంకా గుసగుసగానే. "కాఫీ వేడి సేసుకొస్తా, ఉండు."