మెకాస్కిల్ ఖాతాలో గుర్రాలు

"డాక్టరు గారూ, మీ ఖాతాలో గుర్రాలున్నాయి," అంది రొవేనా.

ఇవాన్ మెకాస్కిల్ కెనడాలోని హాలిఫాక్స్ వైద్య కళాశాలలో కిడ్నీల మీద పరిశోధన చేస్తాడు. ప్రమోషన్‌కు దరఖాస్తు పెట్టాడు. అతని వ్యాసాలను తోటి పరిశోధకులు ఎన్నిసార్లు ఉదహరించారో, అంటే సైటేషన్ల లెక్క, తీసి ఇవ్వడం లైబ్రరీలో రొవేనా పని.

"గుర్రాలేంటండీ?"

"గుర్రాల డెక్కల మీద వ్యాసాలు. అంటారియోలో ఇంకో ఇ. మెకాస్కిల్ ఉన్నాడు, పశువుల డాక్టరు. డేటాబేస్ మీ ఇద్దర్నీ ఒకరే అనుకుంది. మీ సైటేషన్లలో సగం ఆయనవే."

సైటేషన్లు తగ్గితే ప్రమోషన్ రాదు. అది రాకపోతే జూన్‌తో ఉద్యోగం ముగుస్తుంది, ఊరు వదలాలి.

"ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదా?"

"లెక్క ఎక్కువొస్తే ఎవరు చూస్తారు? తక్కువొస్తేనే నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు."

"మీరూ చూడలేదనుకుంటే?"

"అనుకోలేను. చూశాను కదా."

కిటికీ అవతల హార్బర్‌ను పొగమంచు కప్పేసింది. ఇవాన్ కుర్చీ లాక్కుని ఆమె స్క్రీన్ ముందు కూర్చున్నాడు.

"సరే. గుర్రాల్ని తోలేయండి."

రొవేనా మొదటిసారి నవ్వింది.

ఆ వారమంతా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వ్యాసాలు వేరుచేశారు.

"ఇది మీదా?"

"కాదు. కుంటి గుర్రం."

"ఇది? దీన్ని ఒక్కరూ ఉదహరించలేదు."

"అయితే నాదే."

డయాలసిస్ రోగుల దాహం మీద రాసిన వ్యాసం అది. జీవితమంతా సముద్రం మీద గడిపి, చివరికి గుక్కెడు నీళ్లకు లెక్క చూసుకునే జాలర్లను కలిసి రాశాడు.

"ఎవరూ చదవలేదు లెండి," అన్నాడు.

"నేను చదివాను. మా నాన్న డయాలసిస్‌లో ఉన్నాడు. దాహమేస్తే నీళ్లకు బదులు ఐసు ముక్క బుగ్గన పెట్టుకోమని ఇందులో చూసే చెప్పాను."

తర్వాతి వ్యాసం తెరవడం ఇద్దరూ మరిచిపోయారు.

మే నెలలో కమిటీ నిర్ణయం వచ్చింది. ప్రమోషన్ లేదు. తన లెక్క తానే తగ్గించుకున్న మనిషిని ఇంతవరకు చూడలేదని చెప్పి, ఉద్యోగం మాత్రం ఇంకో ఏడాది పొడిగించారు. ఇవాన్ తిన్నగా లైబ్రరీకి వెళ్లాడు.

"సగం అభినందనలు," అంటూ రొవేనా స్క్రీన్ అతని వైపు తిప్పింది. డయాలసిస్ మీద రొవేనా కూడా ఒక రచయితగా ఉన్న సమీక్షా వ్యాసం ఆ ఉదయమే అచ్చయింది. ఉదహరించిన వాటిలో దాహం వ్యాసం ఉంది.

"జాలిపడి పెట్టారా?"

"జాలితో పెడితే అదీ దొంగలెక్కే. అవసరమై పెట్టాం."

"ఏడాది తర్వాత కూడా ఈ ఊళ్లో ఉండాలంటే?"

"సైటేషన్లు కావాలి."

"ఉద్యోగం కోసం కాదు. మీ కోసం ఉండాలంటే?"

రొవేనా స్క్రీన్ ఆపేసింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఆదివారం నాన్న చేపల సూపు, చౌడర్ చేస్తాడు. తను తాగకూడదు, అందుకని వచ్చినవాళ్ల చేత తాగిస్తాడు. రండి."

ఆదివారం తలుపు తీసిన పెద్దాయన బుగ్గలో ఐసు ముక్క ఉంది. ఇవాన్‌ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏ మెకాస్కిల్‌వి నువ్వు? గుర్రాలా, ఐసు ముక్కలా?"

"ఐసు ముక్కలండీ."

"అలాగైతే లోపలికి రా బాబూ. చౌడర్ చల్లారిపోతోంది. పొద్దున్నించీ మా అమ్మాయి కిటికీ దగ్గరే ఉంది."

"నాన్నా!" అని లోపల్నుంచి కేక వినిపించింది.