పిట్టలకు కనపడే అద్దం

పసుపుపచ్చ హెల్మెట్‌ను తిరగేసి రెండు చేతులతో పట్టుకుని, దాని మీద దుమ్ముగుడ్డ కప్పి, అంచుదాకా పాలున్న గిన్నె మోస్తున్నట్టు అడుగులో అడుగేసుకుంటూ అతను క్లినిక్‌లోకి వచ్చాడు.

"కూర్చోండి. మీ ముందు ఇద్దరున్నారు," అంది డాక్టరమ్మ తలెత్తకుండా. ఆమె చేతిలో అప్పుడు ఒక బొచ్చుకుక్క చెవి ఉంది.

"ఆ ఇద్దరూ మొరుగుతున్నారండీ. నాదే చప్పుడు చెయ్యట్లేదు."

ఆ మాటకు ఆమె చటుక్కున తలెత్తింది. మొరిగే రోగికంటే మూగగా పడున్న రోగికే తొందరెక్కువని ఆమెకు తెలుసు. కుక్క చెవిని దాని యజమాని చేతికి అప్పగించి, వచ్చి గుడ్డ తొలగించి చూసింది. హెల్మెట్ అడుగున నీలం రంగు ముద్దలా ఒక లకుముకి పిట్ట. ముక్కు ఇంకా పూర్తిగా ఎర్రబడలేదు. గూడు వదిలి ఎన్నాళ్ళో కాలేదన్నమాట.

"ఎక్కడ దొరికింది?"

"స్టేషన్ వెనకాల కొత్త టవర్ దగ్గరండి. నాలుగో అంతస్తు అద్దానికి గుద్దుకుని కింద పడింది."

"అద్దమా? ఎవరండీ ఆ అద్దం పెట్టిన మహానుభావుడు?"

అతని ఛాతీ అలవాటు కొద్దీ కాస్త పొంగింది. "మేమేనండీ! నాన్న, నేనూ. ఈ ఊళ్ళో అంత తేటగా ఇంకెవరూ..." ఆమె ముఖం చూసి మిగతా మాట మింగేశాడు.

"బాగుంది. కొట్టిందీ మీరే, మోసుకొచ్చిందీ మీరే."

ఆ ఊళ్ళో పక్షులకు వైద్యం చేసేది ఆమె ఒక్కతే. కుక్కలవాళ్ళూ పిల్లులవాళ్ళూ ఆమెను చాటుగా 'గసురు డాక్టరమ్మ' అని పిలుచుకుంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె గసిరేది మనుషుల్నే. రోగుల్ని మాత్రం పల్లెత్తు మాట అనదు.

పిట్టను చీకటి పెట్టెలో పడుకోబెట్టి, "తల తిరిగింది, అంతే. కాసేపు పడుకుంటే తేరుకుంటుంది. రోగి బంధువులు వెళ్ళి టీ తాగి రావచ్చు," అంది.

"బంధువుని కాదండీ, ముద్దాయిని. తీర్పు వినకుండా ఎక్కడికీ వెళ్ళను."

ఆమెకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చేసింది.

మధ్యాహ్నానికి పెట్టెలో టపటప మొదలైంది. ఇద్దరూ మేడమీదకి వెళ్ళారు. ఆమె మూత తీసీ తియ్యకముందే ఆ నీలం ముద్ద గిరుక్కున లేచి, నీళ్ళ ట్యాంకు మీదుగా చెట్లవైపు దూసుకుపోయింది. అతను నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"నోరు మూసుకోండి, ఈగలు దూరతాయి. ఇప్పుడెళ్ళింది చేపలు తినే పిట్ట, ఇంకోటి వస్తే ఈగలు తినేదై ఉంటుంది," అంది ఆమె.

*

వేసవి చివరి రోజులు. పిట్టపిల్లలన్నీ కొత్తగా రెక్కలొచ్చి ఊరు చూడ్డానికి బయల్దేరే కాలం. పెద్దవాటికి ఏది దారో ఏది అడ్డమో కొంత తెలుస్తుంది. పిల్లలకు అద్దంలో కనపడే చెట్టు చెట్టే, అద్దంలో కనపడే మబ్బు మబ్బే. అందుకని హెల్మెట్ మళ్ళీ వచ్చింది, మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఒకసారి గోరింక. ఇంకోసారి రామచిలుక. అది తేరుకోగానే అతని బొటనవేలు కొరికింది.

"నా క్లినిక్‌కి మీరే పెద్ద సప్లయర్ అయిపోయారు," అంది ఆమె వేలికి కట్టు కడుతూ.

"మీరు మనుషులకి కూడా కట్టు కడతారా?"

"మనుషులకి కట్టను. ముద్దాయిలకి కడతాను."

ఒక సాయంత్రం మాత్రం అతను హెల్మెట్ లేకుండా వచ్చాడు. అరచేతిలో బొటనవేలంత తేనెపిట్ట. ఆమె దాన్ని అందుకోబోయి ఆగిపోయింది. అందుకోవాల్సిన పని లేదని చూడగానే తెలిసింది.

"దారిలో ఒకసారి కళ్ళు తెరిచిందండీ," అన్నాడు. "నావైపే చూసింది." అతని చెయ్యి సన్నగా వణుకుతోంది.

ఇద్దరూ కలిసి పెరట్లో చిన్న గుంట తీశారు. చేతులు కడుక్కుంటూ ఆమె అంది: "మీరు ఎంతసేపూ దెబ్బతిన్నవాటినే చూస్తున్నారు. ఎగిరేవాటిని కూడా చూడాలి. ఆదివారం పొద్దున్నే బస్ డిపో దగ్గరకి రండి. నేనూ మా అమ్మమ్మా వెళ్తాం."

*

అమ్మమ్మ రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌గా చేసి రిటైరైంది. చూపు మందగించింది గానీ, చెవి మాత్రం పాముచెవి. గొంతు కంచు. పిట్ట కూస్తే చాలు, ఆమెలోని పాత ఉద్యోగం నిద్రలేచేది.

"దయచేసి వినండి. ముళ్ళచెట్టు వైపు నుంచి వస్తున్న గిజిగాడు మరికొద్ది సేపట్లో ఎడమవైపు కొమ్మ మీదకి చేరును!"

చెప్పినట్టే చేరింది. నోట్లో గడ్డిపరకతో వచ్చి, తలకిందులుగా వేలాడుతూ గూడు అల్లడం మొదలుపెట్టింది.

ఊరినిండా ఇన్ని పిట్టలున్నాయని అతనికి ఆ రోజే తెలిసింది. ఫ్లైఓవర్ స్తంభం సందులో గుడ్లగూబ జంట. కరెంటు తీగ మీద బడిపిల్లల్లా వరసకట్టిన వానకోయిలలు. పార్కింగ్ స్థలంలో, ఎవరి కారు దగ్గరికొచ్చినా తిట్టిపోసే తీతువు.

"ఇది మీలాగే ఉందండీ," అన్నాడు తీతువును చూపిస్తూ.

"దాని పిల్లలు అక్కడున్నాయి, అందుకే అరుస్తోంది."

"మీరు కూడా ఊరికే అరవరనే కదా నేనంటోంది."

ఆమె బైనాక్యులర్స్ తిరగేసి పట్టుకుని డిపో వెనకాల ఉన్న చెరువువైపు చాలాసేపు చూసింది.

చెరువులో బుడుబుంగలు మునుగుతూ తేలుతూ దొంగాట ఆడుతున్నాయి. అతనికి ఉత్సాహం ఆగలేదు. "అదిగో! అవతలి గట్టు మీద, తెల్లగా, పొడుగు తోకతో! ఇంతవరకూ ఎవరూ చూడని పిట్ట అయ్యుంటుంది!"

ఆమె చూసి, బైనాక్యులర్స్ అతనికిచ్చింది. అతను చూశాడు. "పొదకు తగులుకున్న ప్లాస్టిక్ కవరండీ," అన్నాడు మెల్లగా.

"ఆ జాతి ఊరంతా ఉంది నాయనా," అంది అమ్మమ్మ. "గుడ్లు పెట్టదు గానీ, బాగా పెరుగుతోంది."

ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులోనే అతను నోరు జారాడు. "భలే చోటండీ ఇది. మా తర్వాతి పని కూడా ఇక్కడే. ఈ గట్టు మీద కొత్త లైబ్రరీ కడుతున్నారు కదా, చెరువువైపు గోడంతా నిలువెత్తు అద్దం..."

ఆమె నవ్వు టక్కున ఆగింది.

"చెరువువైపు గోడంతానా?"

"ఆర్డర్ నాన్న ఒప్పుకున్నారండీ. నేను కాదు."

"అవున్లెండి. అద్దం మీ నాన్నగారిది, చెరువు ఊరివాళ్ళది. హెల్మెట్ మొయ్యడం ఒక్కటే మీది."

అతని ముఖం తెల్లబోయింది. "వస్తానమ్మా," అని అమ్మమ్మకు ఒక్కదానికే చెప్పి వెళ్ళిపోయాడు.

*

తర్వాత హెల్మెట్ రాలేదు. పిట్టలు గుద్దుకోవడం మానేశాయా, అతను తేవడం మానేశాడా? డాక్టరమ్మ తలుపు చప్పుడైనప్పుడల్లా చూసేది. వచ్చేది ఏ పిల్లో. ఆ పిల్లిని కాక దాని యజమానిని మరో రెండు మాటలు ఎక్కువ గసిరేది.

"ఏమిటే, ఏదో బండి రద్దయినట్టుంది?" అంది అమ్మమ్మ.

"ఏ బండీ లేదు."

"రద్దయిందో, ఆలస్యంగా నడుస్తోందో కనుక్కోవాలి. ఎంక్వయిరీకి వెళ్ళడం నామోషీ కాదు."

"నాకేం అవసరం?"

"అవసరం లేనివాళ్ళు ప్లాట్‌ఫారం మీద ఎందుకే కూర్చోవడం?"

ఆమె విసురుగా గదిలోకి వెళ్ళింది. తను అన్న మాట తప్పని ఆ రోజే తెలిసింది ఆమెకు. తండ్రి మాటకూ తన మనసుకూ మధ్య నలిగే మనిషిని, నలిగిన చోటే పొడిచింది. కానీ వెళ్ళి ఏమని చెప్పాలి? గసరడం వచ్చినంత సులువుగా క్షమించమనడం రాదే!

మబ్బులు కమ్మిన ఒక ఉదయం, తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన తువ్వాలును దోసిట్లో పట్టుకుని వచ్చాడు. లోపల చిన్న గోరింక.

"స్టేషన్ వెనకాల టవర్ దగ్గరమ్మా. నా ముక్కు ముందే టప్పుమంది."

"మళ్ళీ అక్కడేనా?" పిట్ట రెక్క మెల్లగా విప్పి చూస్తూ ఆమె మామూలుగా అడిగినట్టే అడిగింది. "అక్కడ ఒకబ్బాయి ఉండాలే, ఇలాంటివి తెచ్చేవాడు. పని మానేశాడా?"

"ఎలా ఉంటాడు?"

"పొడుగ్గా ఉంటాడు. మాటకి మాట తగిలిస్తాడు. పిట్టని పట్టుకుంటే మాత్రం చేతులు వణుకుతాయి. మంచివాడేలెండి. నేనే ఒక మాట తూలాను."

"ఏమన్నావమ్మా?"

"అద్దం మీ నాన్నది, హెల్మెట్ మొయ్యడం మీది అన్నాను. ఆ నాన్నగారెవరో గానీ..."

"నేనే."

ఆమె చేతిలోని దూదిఉండ కిందపడి దొర్లుకుంటూ బల్లకిందికి పోయింది.

పెద్దాయన మీసాల చాటున నవ్వాడు. "మంచివాడని చెప్పావు, సంతోషం. నాకు మాత్రం మొండివాడు. ఆ ఆదివారం ఇంటికొచ్చి, టవర్ అద్దాలకి బయటివైపు చుక్కలంటిస్తానన్నాడు. దగ్గర దగ్గరగా చుక్కలుంటే పిట్టలకి అద్దం ఉన్నట్టు తెలుస్తుందట. జన్మంతా నా అద్దం ఎవరికీ కనపడకూడదని తుడిచినవాణ్ణి నేను. పెళ్ళికూతురి మొహానికి ఆటలమ్మ పోసినట్టుంటుందిరా అని తిట్టాను. వినలేదు. నా పని అయ్యాక అదనంగా చేసుకుంటా, మీ జోలికి రాను అన్నాడు. టవర్ వాళ్ళనీ వాడే ఒప్పించాడు. అప్పట్నించీ, వాడు తాళ్ళ ఉయ్యాల మీదా నేను దాని మోటారు దగ్గరా, ఇద్దరం వాకీటాకీలో 'పైకి', 'కిందికి' తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు."

"చుక్కలు పెట్టిన వైపు..."

"ఒక్క పిట్టా పడలేదమ్మా. ఇది పడింది ఇంకా చుక్కల్లేని వైపు. ఇవాళ నేనే తుడిచి, ఎంత తేటగా ఉందోనని మురిసిపోతూ నిలబడ్డా." ఆయన తువ్వాలు మడతపెట్టుకున్నాడు. "లైబ్రరీ అద్దానికి మొదట్నించే చుక్కలు వేయించి తెప్పిస్తా. ఇంజనీర్లు అడిగితే డిజైన్ అంటాను. డిజైన్ అంటే ఎవడూ నోరెత్తడు. ఆ సంగతి వాడికి నువ్వు చెప్పు. నేను చెప్తే నా మీసం వంగిపోదూ!"

*

గోరింక పెట్టెలో పడుకుంది. అమ్మమ్మను దానికి కాపలా పెట్టి డాక్టరమ్మ టవర్‌కు వెళ్ళింది. పెద్దాయన ఆమెను నాలుగో అంతస్తులో వదిలి, మిద్దె మీదున్న మోటారు దగ్గరకు తాను ఎక్కిపోయాడు.

గదంతా ఖాళీ. కిటికీ అద్దం అవతల, తాళ్ళకు వేలాడే ఇనుప ఉయ్యాల మీద అతను నిలబడి ఉన్నాడు. వరసగా చుక్కలంటిస్తున్నాడు. ఆమెను చూసి చుక్క అంటించాల్సిన చోట వేలు అంటించుకున్నాడు.

ఆమె ఏదో అంది. అతను చెవి చూపించి, వినపడలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఇంత మందపాటి అద్దంలోంచి ఏం వినపడుతుంది! ఆ సంగతి తట్టగానే ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చేతులు కట్టుకుని, ఏ కుక్క యజమానినో గసిరినట్టే మొదలుపెట్టింది.

"ఆ రోజు నేనన్నది తప్పు. విన్నారా? వినలేదుగా, మంచిదే. మీరు రాకపోతే క్లినిక్‌లో పొద్దు గడవట్లేదు. తలుపు చప్పుడైతే మీరేనేమో అనుకుని చస్తున్నాను. పిల్లులవాళ్ళందరూ నావల్ల బెదిరిపోతున్నారు. నాకు మీరంటే ఇష్టం. చాలా ఇష్టం. ఇది మాత్రం ఎదురుగా చచ్చినా చెప్పను!"

అతను కళ్ళు రెండూ ఇంతింత చేసుకుని, మెల్లగా వేలెత్తి పైకి చూపించాడు. ఆమె తలమీద, గాలి కోసం పెట్టిన చిన్న రెక్క బార్లా తెరిచి ఉంది.

"మొదటి మాట ఒక్కటే వినపడలేదండీ," అన్నాడు అందులోంచి. "మీరు గొంతు పెంచాక అన్నీ వినపడ్డాయి."

ఆమె ముఖం లకుముకి ముక్కుకంటే ఎర్రబడింది. అది చాలదన్నట్టు అతని ఛాతీ మీది వాకీటాకీ కరకరమని పెద్దాయన గొంతుతో పలికింది.

"ఒరేయ్, ఇందాకటిదాకా మీట నొక్కే ఉంచావు. నాకూ వినపడింది. అమ్మాయికి జవాబు చెప్పు. పైకా, కిందికా?"

"నాన్నా!"

జవాబు చెప్పేలోగా వాన మొదలైంది. టపటపమని రెండు చినుకులు, ఆ వెంటనే కుండపోత. వానలో ఉయ్యాల మీద ఎవర్నీ ఉంచకూడదు. మోటారు గుర్రుమంది. అతను ఆమె కళ్ళముందే మోకాళ్ళదాకా, నడుందాకా, భుజాలదాకా కిందికి కుంగిపోయాడు.

"జవాబు చెప్పకుండా ఎక్కడికి పోతున్నారు?"

"నేను పోవట్లేదండీ, నాన్న దించుతున్నారు!"

ఆమె మెట్లవైపు పరుగెత్తింది. మూడో అంతస్తు కిటికీ దగ్గరకు చేరేసరికి అతను అద్దం అవతల ముద్దగా తడిసి, నవ్వుతూ చెయ్యి ఊపి కిందికి జారిపోయాడు. రెండో అంతస్తులో ఆమె ముందే చేరింది. రొప్పుతూ అద్దానికి అరచెయ్యి ఆనించింది. అతను దిగుతూ, అవతలివైపు నుంచి సరిగ్గా అక్కడే తన అరచెయ్యి ఆనించాడు. ఉయ్యాల ఆగదు కదా, చెయ్యి జారిపోయింది. ఆమె మళ్ళీ మెట్లు దూకింది.

కింద వరండా అంచున ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఆమెకు ఊపిరి అందట్లేదు. అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"లైబ్రరీకి... చుక్కల అద్దమే... మీ నాన్నగారు చెప్పమన్నారు..."

"అదా చెప్పడానికొచ్చారు?"

"అది కూడా."

అతను ముందు వాకీటాకీ తీసి, మీట కట్టేసి, జేబులో వేసుకున్నాడు.

"మొదటి రోజు పిట్ట కోసమే వచ్చానండీ. రెండో రోజు నుంచీ పిట్టతోపాటు మీకోసం కూడా వచ్చాను. చుక్కలంటిస్తుంటే ఒక్కటే భయం వేసింది. ఇక పిట్టలు పడకపోతే, మీ క్లినిక్‌కి ఏం మొహం పెట్టుకుని రావాలా అని."

"అయినా అంటించారా?"

"అంటించాను."

ఆమె చున్నీ కొంగుతో అతని నుదుటి మీది నీళ్ళు తుడిచింది, రెక్క విరిగిన పిట్టను తుడిచినంత మెత్తగా.

"ఇక నుంచి ఉత్త చేతులతో రా," అంది.

'రండి' కాదు, 'రా'. అతను ఆ ఒక్క అక్షరాన్నీ నెమరేసుకుంటూ నిలబడిపోయాడు. మిద్దె మీద నుంచి వానను మించి పెద్దాయన కేకలు వినపడుతూనే ఉన్నాయి, "ఏమన్నావురా? ఒరేయ్, ఏమన్నావు?" అని. ఇద్దరిలో ఒక్కరూ పలకలేదు.