ముందు సీటు

రసూల్‌బీ క్యారేజీ మూత బిగిస్తుంటే వెనక నుంచి కూతురి గొంతు వినిపించింది.

"నాకు పెట్టొద్దమ్మా. కాలేజీకి వెళ్లను. నీతో పాటు మిరపకాయల కూలికొస్తా."

సిద్దికా గుమ్మంలో నిలబడి ఉంది. డ్రెస్సు మీద తండ్రి పాత చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుంది. ఇంటర్ రెండో సంవత్సరం. వచ్చే వారం నుంచి ప్రాక్టికల్స్.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరేంటే?"

"ఏం లేదు."

కొన్నాళ్లుగా ఆ పిల్ల నోట్లో ఆ రెండు మాటలే. పెట్టింది తింటుంది. పిలిస్తే పలుకుతుంది. పంచలో పరుపు కుడుతున్న తండ్రి మాబు సాహెబ్ సూది ఆపకుండానే అన్నాడు.

"ఒక్కపూటకి ఏమవుద్దిలే. రానీ."

రోడ్డు మీద ఆటో హారన్ మోగింది. హయాత్ బండి. హయాత్ మాబు సాహెబ్‌కి చిన్నాన్న కొడుకు. మిరపకాయల సీజన్లో కూలి ముఠా ఆడవాళ్లను దర్శి దారిలో కల్లం దగ్గర దించి, సిద్దికాను దర్శిలో కాలేజీ దాకా తీసుకెళ్తాడు. బస్సు ఊళ్లోకి రాదు, మెయిన్ రోడ్డు దాకా నడవాలి. అందుకే ఈ ఏర్పాటు. కూలీల బట్టలకి కారం దుమ్ము ఉంటుంది, యూనిఫాం పాడవుతుందని రసూల్‌బీయే ఒక మాట చెప్పింది. "ఒరే హయాత్, పిల్లని ముందు నీ పక్కన కూర్చోబెట్టుకోరా."

"ఏం సిద్దికా, కూలికా? రా, ముందుకు రా," అన్నాడు హయాత్.

సిద్దికా వినిపించుకోలేదు. వెనక ఆడవాళ్ల మధ్యకి దూరింది.

ముఠా మేస్త్రి ప్రేమమ్మ జరిగి చోటిచ్చింది. "ఏమే కలెక్టరమ్మా, మాలో కలిశావ్? ముక్కుల్లోకి కారం పోద్ది."

"పోనీ పిన్నీ."

కల్లంలో ఎర్రటి రాశి చుట్టూ కూర్చుని అందరూ ముచ్చికలు తీస్తున్నారు. సిద్దికా తలెత్తకుండా ఒక్కో కాయ తొడిమ తుంచి బుట్టలో వేస్తోంది. "దీన్ని చూసి నేర్చుకోండే, కబుర్లు చెప్పే నోళ్లు," అని ప్రేమమ్మ అంటే అందరూ నవ్వారు.

మధ్యాహ్నం హయాత్ నీళ్ల క్యాన్లు తెచ్చి దించాడు. చెట్టు నీడలో నిలబడి పిలిచాడు.

"సిద్దికా, ఆ గ్లాసు అందుకోమ్మా."

సిద్దికా కదల్లేదు. చేతిలో ఉన్న కాయ పొడైపోయింది. గింజలు ఒళ్లో రాలాయి. అయినా నలుపుతూనే ఉంది.

రసూల్‌బీ చూసింది. లేచి, కూతురి రెక్క పట్టుకుని, కాయలు కుక్కిన టిక్కీ బస్తాల వెనక్కి తీసుకెళ్లింది.

"వాడేనా?"

సిద్దికా తలూపింది.

"ఏం చేశాడే?"

"మీరు దిగాక హ్యాండిల్ మీద ఒక్క చెయ్యే ఉండేది." బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. "వెనక కూర్చుంటానన్నాను కదమ్మా. బట్టలు ఉతికేది నేనని తిట్టావు."

రసూల్‌బీ టిక్కీల సందులోంచి హయాత్ వైపు చూసింది.

"అప్పుడే చెప్పొచ్చుగా."

"చెబితే కాలేజీ మానిపిస్తారని."

"ఇప్పుడు నువ్వే మానేశావుగా."

"ఇంక ఎక్కలేకపోయాను."

సాయంత్రం ఇద్దరూ ఆటో ఎక్కలేదు. పత్తి చేల గట్ల మీద నడిచి ఇల్లు చేరారు. 

మాబు సాహెబ్ అంతా విన్నాడు. సూది పరుపుకి గుచ్చి వదిలేశాడు.

"ఎవరికీ చెప్పొద్దు. కాలేజీ మానిపిద్దాం. వాడితో నేను మాట్లాడతా."

"ఏం మాట్లాడతావయ్యా? రేపట్నుంచి ఆటో ఆపేస్తాడా?"

"ఎలా ఆపుతాడే? ఆటో మీదే బతుకుతున్నాడు."

"మరి దీని బతుకు దేని మీద?"

"ఇంట్లోవాడే. స్టేషన్‌కి పోతే బజారున పడేది మనమే. పిల్లకి రేపు సంబంధం..."

"ఆ మాట ఎత్తకు. ముందు సీట్లో కూర్చోబెట్టింది నేను. ఇంట్లో కూర్చోబెట్టేది నువ్వా? వాడికేమీ లేదా?"

గోడకు ఆనుకున్న సిద్దికా మెల్లగా అంది. "గొడవెందుకమ్మా. నాన్న ఇలాగే అంటాడని నాకు తెలుసు."

అందులో కోపం లేదు. మాబు సాహెబ్ లేచి పంచలోకి వెళ్లిపోయాడు.

తెల్లారి తల్లీకూతుళ్లు మెయిన్ రోడ్డు వైపు నడిచారు. మాబు సాహెబ్ పంచలో దూది ముందు కూర్చుని తలెత్తలేదు. ఊరి చివర హయాత్ ఆటో ఖాళీగా ఉంది. ప్రేమమ్మకి రసూల్‌బీ రాత్రే చెప్పింది. ముఠా అంతా రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"నీ బండి మాకొద్దు," అంటోంది ప్రేమమ్మ. "ఎందుకో నీకు తెలుసు. నా నోటితో చెప్పించుకోకు."

దర్శి పోలీస్ స్టేషన్లో ఆడ కానిస్టేబుల్ ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. సిద్దికా తడబడకుండా అంతా చెప్పింది. తర్వాత కానిస్టేబుల్ రసూల్‌బీ వైపు తిరిగింది.

"అతను మీకేమవుతాడమ్మా?"

రసూల్‌బీ కొంగు సర్దుకుంది. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాయి.

"నా చిన్నాన్న కొడుకండి."

గుమ్మంలో మాబు సాహెబ్. జుట్టు నిండా దూది. బస్సు దిగి పరుగున వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

"నా పేరు కూడా రాసుకోండి. మాబు సాహెబ్. తండ్రిని."

వచ్చి బెంచీ మీద కూతురి పక్కన, కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేకపోయాడు.

"పరీక్షలు వచ్చే వారమేగా?"

"ఊఁ."

"పొద్దున బస్సు దాకా నేనొస్తా. సాయంత్రం కూడా."

 సిద్దికా ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్లలోంచి మాత్రం నీళ్లు జారాయి. ఇన్నాళ్లలో మొదటిసారి. ఆపుకోవాలని కూడా చూడలేదు.

రసూల్‌బీ చెయ్యి చాచి, మధ్యలోనే ఆపేసింది. కాయలు ముట్టిన చేతుల మంట ఎంత కడిగినా ఓ పట్టాన పోదు. భర్త వైపు చూసింది.

మాబు సాహెబ్ భుజం మీది తువ్వాలు తీశాడు. దూది దులిపాడు. దగ్గరికి జరిగి, చిన్నపిల్లకి తుడిచినట్టు కూతురి ముఖం తుడిచాడు.