పందొమ్మిదో రోజు దాలమ్మ

నర్సు నీలవేణి నీడల గదిలో కూర్చుని పందొమ్మిదో రోజును తెరిచింది. చెవిగొట్టంలో గరగరమని ఊపిరి వినిపించింది.

“దాలమ్మా, ఎలా ఉంది?”

“బాగున్నానే తల్లీ. నువ్వు బువ్వ తిన్నావా?”

పదో రోజూ ఇదే మాట, పద్నాలుగో రోజూ ఇదే మాట. ఈ దాలమ్మకు ఒళ్లు లేదు. వార్డులో ఉన్న డెబ్బై ఆరేళ్ల దాలమ్మ రక్తంతో, జ్ఞాపకాలతో యంత్రం అల్లిన ముందునీడ ఇది; ఆమెకు రాబోయే రోజులను ముందే గడిపి చూపుతుంది. ఘాటుమందు ముందు నీడకు ఇస్తారు. అది తట్టుకుంటే మనిషికి ఇస్తారు. పెద్దవయసులో రక్తక్యాన్సర్ విరుచుకుపడితే ఆ మందు రోగాన్ని తుడిచేయగలదు, మనిషినీ తుడిచేయగలదు. మెత్తమందు రోగాన్ని కొన్నాళ్లు అదిమిపెడుతుంది, అంతే. లెక్కలు ఎటూ తేలనప్పుడు నీడ మాటే తీర్పు.

తెరమీద పచ్చగీత వెలిగింది. నాలుగింటికి వార్డులోని దాలమ్మకు ఘాటుమందు.

నీలవేణి గొట్టం తీయబోయి ఆగిపోయింది. వినేవాళ్లు వెళ్లిపోయారనుకుని నీడ సన్నగా మూలుగుతోంది.

ఆమె చెవిగొట్టాలతోనే వార్డులోకి పరుగెత్తింది. దాలమ్మ నెత్తురు తుడుచుకున్న దూదిని దిండు కింద దాచుకుంటోంది.

“చిగుళ్లు నొప్పా మామ్మా?”

“నేదే, బాగున్నాను.”

“నెత్తురు కారుతుంటే బాగుండటమేంటి?”

“అడిగినోళ్లకల్లా నొప్పి సెప్పుకుంటారేటి? నువ్వు బెంగెట్టుకోడం తప్ప ఏటి సేస్తావు!”

నీడను మనిషితో కలపకూడదన్నది వార్డు మొదటి నియమం. నీలవేణి ఒక గొట్టం దాలమ్మ చెవిలో పెట్టి, ఇంకొకటి తన చెవిలో ఉంచుకుంది.

“ఎవులే ఇది?”

“నువ్వే మామ్మా. ఘాటుమందు తీసుకున్న పందొమ్మిదో రోజు నువ్వు. అడుగు.”

దాలమ్మ ఆ ఊపిరిని చాలాసేపు వింది. “ఎలాగున్నావే? నాకాడ దాపరికమేటి?”

“నోరంతా పుండేనే. గుటక దిగట్నేదు. పెద్దోడి పేరు గుర్తు రాట్నేదు. నువ్వు ఇక్కడికి రాకే.”

దాలమ్మ నీలవేణి వైపు తిరిగింది. “మెత్తమందే ఇయ్యి తల్లీ. ఉన్నన్నాళ్లు నా నోటితో నాను తింటాను. మరి దీన్నేటి సేస్తారు?”

“ఆపేస్తాం.”

“ఇప్పుడే ఆపీకు. ఒక్కర్తీ ఉంది. కాసేపు మాటాడతాను.”

వార్డు తెరమీద పచ్చగీత ఎర్రబడింది. తీర్పు మార్చినదెవరని యంత్రం అడిగింది. నీలవేణి దాలమ్మ పేరు రాసింది.

పక్క మంచం మీద ముసలాయన చెయ్యి చాచాడు. “నా నీడని కూడా ఓపాలి పలకరిస్తానమ్మా.”

ఆయన అవతలి మంచం మీద ఇంకో చెయ్యి లేచింది.