ఆఖరున వచ్చేవాడు

మా సైకిలు షాపు పెరటి గేటు తీస్తే నేరుగా కంకర దారి మీదికే. ఒకప్పుడు అక్కడ చిన్న రైలు నడిచేదట. పట్టాలు పీకేసి, ఆ కట్ట మీద సన్నకంకర పోసి, రెండు చివర్లా, మధ్యలో తోటల బాటలు కలిసే చోట్లా ఇనప గుంజలు పాతారు. కార్లు దూరవు, మోటారు సైకిళ్లు దూరవు. పొలాల మధ్య నుంచి, గుట్టల పక్క నుంచి, ఎక్కుతూ దిగుతూ ఇరవై రెండు కిలోమీటర్లు పోతుంది. హారన్ల మోత లేదు, పొగ లేదు. టైరు కింద కంకర కరకరమంటుంది, అంతే. ఆదివారం పొద్దున్నే ఏడెనిమిది మందిమి బయల్దేరేవాళ్లం. సగం మంది నా గిరాకీలు, సగం మంది మా బావ తోలుకొచ్చిన బాపతు.

బావ అంటే మా అక్క మొగుడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇద్దరు మనుషులు కనపడితే చాలు, వరసలో నిలబెట్టందే ఆయనకి అన్నం సహించదు. మాకూ ఒక రూలు పెట్టాడు. ముందున్నవాడికి దారిలో ఏం కనపడితే అది అరవాలి. వాడు "గుంత!" అంటే వెనకవాడు "గుంత!" అనాలి, వాడి వెనకవాడూ అనాలి. చిట్టచివరివాడు మాత్రం "గుంత, ఆఖరు!" అనాలి. ఆ 'ఆఖరు' వినపడిందంటే మాట అందరికీ చేరినట్టు. ముందువాడు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. మంచి రూలే, కాదనను. ఎప్పుడూ ముందు నేను, ఆఖరున బావ.

ఇంట్లోనూ ఆయనకి రూళ్లుండేవి. అక్కడ తప్పితే చెయ్యి లేచేది.

పోయినేడు ఒక ఆదివారం ముసురు పట్టి ఎవరూ రాలేదు. బావని పిలుద్దామని వాళ్లింటికి వెళ్లాను. అక్క తలుపు తీసింది. ఎడమ చెంప వాచిపోయి కన్ను సగం మూసుకుపోయింది.

"తలుపు తగిలిందిరా," అంది.

ఆ తలుపుకి అయిదు వేళ్లున్నాయి. చెంప మీద లెక్కపెట్టుకోవచ్చు. నేను నోరు తెరిచేలోపే బావ సైకిలు నడిపించుకుంటూ వచ్చి, "పదవోయ్, ఆలస్యమైంది," అన్నాడు, ఏమీ జరగనట్టు.

నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. ఆ పొద్దున అది నషాళానికెక్కింది. పది కిలోమీటర్లు పళ్లు కొరుక్కుంటూనే తొక్కాను. అక్కడ రెండు గుట్టల మధ్య దారి ఏటవాలుగా దిగుతుంది. తొక్కే పని లేదు, సైకిలు దానంతటదే దూసుకుపోతుంది. దిగువన ఒకాయన తోట ఉంది. సైకిళ్లవాళ్లం తన నేల మీదుగా పోతున్నామని ఆయనకి మామీద కడుపుమంట. ఆ రోజు దారికి అటూ ఇటూ ఉన్న గుంజలకి అడ్డంగా సన్నటి ఇనప తీగ బిగించాడు. సరిగ్గా మెడ ఎత్తులో.

నాకు కనపడింది. తల వంచాను. తీగ నా టోపీని చీల్చుకుంటూ పోయింది.

బావ వెనక యాభై అడుగుల దూరంలో ఉన్నాడు. "తీగ" అని ఒక్క మాట అంటే చాలు.

నేను అరవలేదు.

టంగుమంది తీగ. బావ సైకిలు ఒక్కటే, మనిషి లేకుండా, నన్ను దాటుకుని పోయి పడింది. వెనక్కి పరిగెత్తాను. కంకరలో వెల్లకిలా పడున్నాడు. గొంతు ఈ చివర నుంచి ఆ చివరికి తెగి తెరుచుకుంది. రెండు చేతుల్తో దాన్ని మూసుకోవాలని చూస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు బుడగలు బుడగలుగా పొంగుతోంది. కళ్లు నా మీదే. ఏదో అడుగుతున్నాడు. మాట రావట్లేదు... ఈల వస్తోంది. చాలాసేపు వచ్చింది ఆ ఈల.

"నోరు పెగల్లేదండీ," అని పోలీసులకి చెప్పాను. నమ్మారు. తోటాయన జైలుకెళ్లాడు. నేను తేలు కుట్టిన దొంగలా షాపులో కూచున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అక్క వెక్కిరించేది. ఏడాది నానింది.

ఏడాది తిరిగాక ఒక పొద్దున అక్క షాపుకొచ్చింది. గోడకి వేలాడుతున్న బావ సైకిలు వంక చూసి, "దించరా. ఆ చోటు నేను చూడాలి," అంది.

"ఇప్పుడా? బయట మంచు చూశావా? నువ్వు సైకిలెక్కి ఇరవై ఏళ్లయింది."

"నీకు నేర్పిందెవరురా? సీటు పట్టుకుని నీ వెనకాల పరిగెత్తలేక మోకాళ్లరిగాయి."

నిజమే. నేర్చుకునేప్పుడు నేను గజగజలాడుతుంటే, "నేనున్నాగా, వెనక్కి చూడకు," అనేది అక్క. ఆ మాట మీదే నాకు సైకిలొచ్చింది. ఇక కాదనలేకపోయాను. టైర్లకి గాలి కొట్టి, సీటు రెండంగుళాలు దించి, ఇద్దరం బయల్దేరాం. ఆ మాత్రం దూరం తొక్కలేక తనే వెనక్కి తిరుగుతుందిలే అనుకున్నాను. నా అక్క సంగతి నాకు తెలీక.

మంచు తెల్లగా, తడిగా, ముద్దలా దారి మీద కూచుంది. చక్రం ముందు నాలుగు గజాల కంకర, ఆపైన ఏమీ లేదు. తడి మట్టి వాసన. పక్షి కూత లేదు. నేను ముందు, అక్క వెనక. రూలు చెప్పాను.

"గుంత!"

"గుంత, ఆఖరు!" అంది అక్క. నవ్వు కూడా వినపడింది.

అలా ఆరేడు కిలోమీటర్లు బాగానే పోయాం. అప్పుడు...

"రాయి!" అన్నాను.

"రాయి, ఆఖరు!"

"రాయి... ఆఖరు."

గుట్టల దగ్గరికొచ్చాం కదా, ప్రతిధ్వని అనుకున్నాను. కాస్త దూరం పోయాక, "గుంత!" అన్నాను. అక్క ఆయాసంలో "గుంత" అని ఊరుకుంది. ఆ రెండో మాట మర్చిపోయింది.

"గుంత..." వెనక నుంచి వచ్చింది. మధ్యలో సన్నగా ఈల. "...ఆఖరు."

ప్రతిధ్వని, అనని మాట అనదు.

"ఒరేయ్," అక్క గుసగుసలాడింది. "నా వెనక ఎవరో ఉన్నారు."

"ఎవరూ లేరు. తొక్కు."

"కంకర చప్పుడవుతోంది. నేను ఆపితే ఆగుతోంది. ఒరేయ్... నా సీటు పట్టుకున్నారు."

"నేనున్నాగా, వెనక్కి చూడకు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

వెనక్కి తిరిగిపోదామంటే ఆ వెనకాలే ఉంది అది. ఏటవాలు మొదలయ్యే చోట ఆగిపోయాం. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొహం పాలిపోయింది. కానీ అడగాల్సింది అడిగింది.

"ఆ రోజు ఆయన్ని కేకేశావా?"

"చెప్పానుగా, నోరు పెగల్లేదని..."

"అది పోలీసులకి. నాకు చెప్పు."

ఇక దాచలేకపోయాను. "కావాలనే అరవలేదక్కా. నీ చెంప చూసి... చావనీ అనుకున్నాను. నేనే చంపాను."

అక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "నాకు తెలుసురా," అంది మెల్లిగా. "నీ టోపీ ఉతికాను. తీగ కోసిన గీత నడినెత్తిన ఉంది. తల అంత వంచడానికి వ్యవధి ఉన్నవాడికి ఒక్క మాట అరవడానికీ ఉంటుంది కదా. ఆ కబురొచ్చిన రాత్రి నేను ఏడవలేదు. కంటినిండా నిద్రపోయాను. పాపమంటే ఇద్దరిదీ."

ఏడాదిగా గుండెల మీదున్న బండ దిగినట్టయింది. ఏడుపొచ్చింది. అప్పుడు మంచులోంచి, మాకు చేతికందేంత దగ్గర నుంచి...

"కావాలనే అరవలేదు..."

ఈల.

"కంటినిండా నిద్రపోయాను..."

ఈల. ఏదో తడిగా కంకర మీద పడుతోంది, చుక్క చుక్క.

"...ఆఖరు."

"ఎక్కు!" అని అక్కని సీటు మీదికి తోశాను. అక్క ముందుగా దూసుకుపోయింది. నేను వెనక. ఇప్పుడు ఆఖరున నేనున్నాను... కాదు, నా వెనక ఇంకొకడున్నాడు. వీపు మీద దెబ్బ పడింది. మళ్లీ పడింది. డ్రిల్లు మాస్టారి దెబ్బ, అరచెయ్యి తెరిచి, వెన్నెముక మీద. ఊపిరి ఆగింది. చెవి మీద ఇంకొకటి పడింది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. అక్క ఇన్నేళ్లూ ఇవే తిందా అనుకున్నాను... ఆ భయంలోనూ ఒళ్లు మండిపోయింది. మోచెయ్యి బలంగా వెనక్కి పొడిచాను. మెత్తగా, చల్లగా, తడిగా ఎందులోకో దిగబడింది. లాక్కుంటే రాలేదు. తన్నాను, పెడలు విరిగింది. సైకిలు మాత్రం ఆగట్లేదు.

కింద మంచులో టంగుమంది. ఎవరో తీగ బిగించి, మీటి చూసుకున్నట్టు.

అక్క దాని మీదికే పోతోంది.

"తీగ!" అరిచాను. ఏడాది కింద అరవాల్సిందంతా కలిపి అరిచాను. "అక్కా, తీగ! వంగు! వంగు!"

అక్క హ్యాండిలు మీదికి వాలిపోయింది. తీగ ఆమె జడ పైనుంచి పోయింది. చూశాను. నేనూ వంగబోయాను.

నా జుట్టు పట్టుకుని తల పైకి లాగారు.

నొప్పి తర్వాత తెలిసింది. ముందు వేడిగా అనిపించింది, అంతే. కంకరలో వెల్లకిలా పడున్నాను. అక్క తన చున్నీ నా మెడకి చుట్టి రెండు చేతుల్తో నొక్కుతోంది. అక్కని పిలవబోయాను. ఈల వచ్చింది. నా చెవి పక్కనే ఎవరో తాపీగా అన్నారు, "తీగ... ఆఖరు." ఆ గొంతులో ఈల లేదు. అది నా గొంతు.

బతికాను. అక్క నన్ను ఎలా మోసుకొచ్చిందో తనకే తెలీదు. గొంతులో స్వరపేటిక తెగిపోయిందని, ఇక మాట రాదని డాక్టరు చెప్పాడు. సన్నటి తీగే కోసిందన్నాడు. మనుషులు వెళ్లి చూస్తే గుంజలున్నాయి గానీ తీగ లేదు. గుంజలకి తుప్పు కూడా చెదర్లేదట. తోటాయన ఇంకా జైల్లోనే ఉన్నాడు.

ఇప్పుడు అక్క నాతోనే, షాపు వెనక గదుల్లో ఉంటోంది. పెరటి గేటుకి తాళం వేసేసింది. బట్టలారేసే తీగ పీకి పారేసి తాడు కట్టింది. షాపులో బ్రేకు తీగల చుట్టలు కూడా ఇచ్చేసింది. మా ఇంట్లో ఇప్పుడు తీగన్నది లేదు. గిరాకీలతో పలక మీద రాసి మాట్లాడతాను. అక్క పిలిస్తే స్పానరుతో బల్ల మీద రెండుసార్లు కొడతాను. మా ఇద్దరికీ అదే మాట. ఇబ్బందేం లేదు. అక్క మొహం మళ్లీ నిండుగా అయింది. అది చాలనుకున్నాను.

ఎవరికైనా చెప్పాలి కదా అని ఇవాళ మధ్యాహ్నం నుంచి ఇది రాస్తున్నాను. అక్క అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. ఇందాక తల తిప్పకుండానే అంది:

"రాసుకుంటే రాసుకో గానీ, పైకి చదవకురా. ఆ రోజు సంగతి వినలేను."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నేను చదవట్లేదు.

అక్క చేతిలో గిన్నె కూడా ఆగిపోయింది. "ఒరేయ్," అంది. "ఒరేయ్ తమ్ముడూ... మాట వచ్చిందా? నీకు మాట వచ్చిందా?" పమిటతో కళ్లొత్తుకుంటోంది. ఇటు తిరగబోయింది.

"నేనున్నాగా," అంది నా గొంతు, నా వెనక నుంచి. "వెనక్కి చూడకు."

లేవబోయాను. జుట్టు పట్టుకున్నారు. స్పానరు బల్ల చివర ఉంది, అందట్లేదు. ఈ పెన్నొక్కటే కదులుతోంది. అక్కా, అది నేను కాదు. అక్కా.

"సరేలే, చూడను," అని అక్క ఏడుస్తూనే నవ్వింది. "బట్టలు తీసుకొచ్చేస్తా. నువ్వు మాట్లాడుతూనే ఉండు." బకెట్టు చంకన పెట్టుకుని పెరటి తలుపు వైపు నడిచింది.

పెరట్లో తీగ టంగుమంది.