ఆమెన్ అనని ఇమ్మాన్యుయేల్

"షారన్ సిస్టర్ ఈ రోజు ఫైనల్ గెలవాలని ప్రభువును అడుగుదాం" అన్నాడు ఆనందబాబు.

అమెరికన్ల దగ్గర అద్దెకు తీసుకున్న ఆ చర్చిలో అరవైమంది తెలుగువాళ్ళు ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. ఇమ్మాన్యుయేల్ అనలేదు.

పక్కన కూర్చున్న షారన్ ఒక కన్ను తెరిచి చూసింది.

షారన్ అమ్మానాన్నలది గుంటూరు. ఆమె పుట్టిపెరిగింది మాత్రం స్విట్జర్లాండ్‌లో. పేరు పక్కన స్విస్ జెండా పెట్టుకుని ఎనిమిదేళ్ళుగా దేశదేశాలూ తిరిగి టెన్నిస్ ఆడుతోంది. ర్యాంకు రెండువందల అరవై. ఆ ర్యాంకులో హోటళ్ళ ఖర్చు ఎవరికీ గిట్టదు. అందుకే చిన్న టోర్నమెంట్లలో ఆటగాళ్ళను ఊళ్ళోవాళ్ళే ఇళ్ళలో పెట్టుకుంటారు. షామ్‌బర్గ్ అనే ఈ అమెరికా ఊళ్ళో షారన్‌ను పెట్టుకున్నది ఆనందబాబు, విమలకుమారి దంపతులు. వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇమ్మాన్యుయేల్, వారం రోజులుగా ఆమెకు డ్రైవరు. గోంగూర కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పెరుగు అందించేదీ అతనే.

ఈ ఫైనల్ గెలిస్తే న్యూయార్క్ గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ పోటీల్లో చోటు. రేపే ప్రయాణం. ఓడితే ఆట మానేస్తానని ఇంట్లో మాటిచ్చింది. ఇక్కడి క్లబ్బులో కోచ్ ఉద్యోగం రెడీగా ఉంది. అంటే, ఓడితే షామ్‌బర్గ్‌లోనే ఉంటుంది.

ప్రేమంటే త్యాగమని చెప్పేవన్నీ కోతలు. ముందు పుట్టేది పచ్చి స్వార్థం. ఇమ్మాన్యుయేల్‌కీ అదే పుట్టింది. కాకపోతే దేవుడి ముందు అబద్ధమాడే ధైర్యం లేకపోయింది.

కారెక్కగానే నిలదీసింది షారన్.

"నేను చూసాను. నువ్వు ఆమెన్ చెప్పలేదు."

"ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు."

"టాపిక్ మార్చకు. నేను గెలవను అని నీ ఫీలింగ్, కదా?"

"అది కాదు."

"మరి ఏంటి?"

ఇమ్మాన్యుయేల్ సిగ్నల్ వైపే చూస్తూ డ్రైవ్ చేశాడు. షారన్ హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది. దిగేటప్పుడు థాంక్స్ కూడా చెప్పలేదు.

మొదటి సెట్ పోగొట్టుకుంది. రెండోది పళ్ళు బిగించి లాక్కుంది. మూడో సెట్ మొదలయ్యేలోపే వాన దిగింది. హడావుడి లేని వాన. కోర్టు మీద నింపాదిగా కురుస్తోంది.

షారన్ మెడలో టవల్‌తో రేకుల షెడ్డు కిందికి వచ్చింది. అతని పక్కనే నిలబడింది.

"ఇప్పుడు చెప్పు. లేకపోతే ఈ బొచ్చెడు వానలోకి తోస్తాను."

"బొచ్చెడు కాదు, బోలెడు."

"ఇమ్మాన్యుయేల్!"

"గెలిస్తే వెళ్ళిపోతావు." అతను వాననే చూస్తూ అన్నాడు. "అందుకే నోరు రాలేదు. చెత్త ఆలోచనే. నాకూ తెలుసు."

షారన్ టవల్ అంచు మెలిపెడుతూ అడిగింది.

"నేను ఓడితే నీకు హ్యాపీనా?"

"ఒక పది నిమిషాలు. ఆ తర్వాత నీ మొహం చూడలేను." అప్పుడు తిరిగాడు ఆమె వైపు. "గెలువు షారన్. ఎనిమిదేళ్ళు ఊరికే తిరిగావా? వెళ్ళు, ఆడు."

"ఇలాంటి మాట మూడో సెట్ ముందు చెప్తారా ఎవరైనా? నువ్వు నా కోచ్ అయితే ఇప్పుడే ఫైర్ చేసేదాన్ని."

అంటూనే నవ్వింది. చెవుల దాకా ఎర్రబడి, వాన తగ్గకముందే రాకెట్ తీసింది.

మూడో సెట్ ఏడు-అయిదు. ఆఖరి బంతి అవతలి అమ్మాయి నెట్‌లోకి కొట్టగానే విమలకుమారి హల్లెలూయా అని అరిచింది. అంపైర్ కూడా తల తిప్పి చూశాడు.

చప్పట్లు కొట్టి కొట్టి ఇమ్మాన్యుయేల్‌కి అరచేతులు మండాయి. గుండెలో ఒక మూల ఖాళీ. అయినా ఆపలేదు.

షారన్ తిన్నగా వాళ్ళ దగ్గరికే వచ్చి ఫోన్ తీసింది.

"నీ ఫుల్ నేమ్ చెప్పు. న్యూయార్క్‌లో నా గెస్ట్ పాస్ కోసం. రెండు వారాలు లీవ్ అప్లై చెయ్యి."

"నాకా?"

"ఇక్కడ ఇంకో ఇమ్మాన్యుయేల్ ఉన్నాడా? రిలేషన్ అని ఒక బాక్స్ ఉంది. కోచ్, ఫిజియో, ఫ్యామిలీ, అదర్. ఏం పెట్టాలి?"

విమలకుమారి మధ్యలో తల దూర్చింది. "ఫ్యామిలీ పెట్టమ్మా. మీ అమ్మతో నేను మాట్లాడతాగా."

"ఆంటీ, తను చెప్పాలి."

ఇమ్మాన్యుయేల్ చెయ్యి చాచాడు. చెమటతో తడిసిన ఆ ఫోన్ అందుకుని, తన వేలితోనే నొక్కాడు.

ఫ్యామిలీ.