ఒకే ఉద్యోగానికి ఇద్దరం

పాపకు జడ వేస్తూ, వేరే ఊరి యూనివర్సిటీలో ఉద్యోగం కోసం జరిగే ఇంటర్వ్యూలో చెప్పాల్సిన మాటలు ఆమె లోలోపలే వల్లెవేసుకుంటోంది. గుండెలో రక్తం ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం ఆమె పరిశోధన. భర్తదీ అదే పని. ఇద్దరూ ఒకే చోట డాక్టరేట్ చేసి, అక్కడే ప్రేమించుకుని పెళ్లి చేసుకున్నారు. అప్పుడు డాక్టరేట్ తర్వాత పరిశోధన కొనసాగించేందుకు తనకొచ్చిన మంచి పోస్ట్‌డాక్ అవకాశం వదులుకుని, అతనికి ఉద్యోగం దొరికిన ఊరికి వచ్చేసిందామె. “ఈసారి నీ వంతు. నువ్వెక్కడికంటే మేమూ అక్కడికే” అని అతను పాప పుట్టినప్పటినుంచీ అంటూనే ఉన్నాడు.

అత్తగారు పాపను బడికి తీసుకెళ్లారు. ఆమె తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంటర్వ్యూ బాగానే సాగింది. చివర్లో ప్రొఫెసర్ నవ్వుతూ, “మీరూ మీవారూ ఒకే ఉద్యోగానికి పోటీపడుతున్నారు. ఇంట్లో గొడవలేం లేవు కదా?” అన్నారు.

ఆమెకు ఒళ్లంతా భగ్గుమంది. ఎలాగో నవ్వి సెలవు తీసుకుంది.

భర్త వంటింట్లో కాఫీ కలుపుతున్నాడు.

“ఎలా చేశావు?”

“నువ్వెప్పుడు దరఖాస్తు పెట్టావో అది చెప్పు ముందు.”

అతని చేతిలో చెంచా ఆగిపోయింది. “చెబుదామనే అనుకున్నాను. నా కాంట్రాక్టు వేసవితో అయిపోతోంది. నీకు రాకపోతే నాకైనా వస్తుందని...”

“అంటే నాకు రాదని నువ్వే తేల్చేశావన్నమాట!”

“అలా కాదు. పాపకోసం మధ్యలో ఆగిపోయావు కదా. వాళ్లు అచ్చయిన పరిశోధన పేపర్లు చూస్తారు, గ్యాప్ చూస్తారు...”

“ఆ గ్యాప్ నేనొక్కదాన్నే తెచ్చుకున్నానా?” ఆమె గొంతు ఇల్లంతా మోగింది. “ఇంట్లో కూర్చుని నీ కంప్యూటర్ ప్రోగ్రాము సరిచేసిందెవరు? ఒక్క పేపరు మీదైనా నా పేరు పెట్టావా? ఇప్పుడు అవే పట్టుకుని నా మీదికే పోటీకొస్తావా?”

గుమ్మంలోనే చెప్పులు విప్పుతున్న అత్తగారు, “వీధి మలుపుదాకా వినబడుతోందర్రా” అని, కొడుకువైపు తిరిగారు. “పోటీ పడితే పడ్డావు. దాచడమేమిట్రా, దొంగలా?”

అతను తల దించుకుని ఫోన్ తీశాడు. “ఇప్పుడే తప్పుకుంటానని రాసేస్తాను.”

“రాశావంటే ఊరుకోను! రేపు నాకొస్తే నువ్వు దానం చేశావని అనుకోవాలా అందరూ? నీ ఇంటర్వ్యూకి నువ్వూ వెళ్లు.”

వెళ్లాడు. ఆ తర్వాత ఇద్దరూ పాప ద్వారానే మాట్లాడుకున్నారు. “నాన్నని గ్యాసు కట్టెయ్యమను.” “అమ్మని తాళాలెక్కడో అడుగు.”

ఒక ఉదయం ఉద్యోగం ఆమెకే ఇచ్చినట్టు కబురొచ్చింది. ముందు అత్తగారికి చెప్పింది. ఆవిడ కోడల్ని గట్టిగా వాటేసుకున్నారు. అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

“ఇంటర్వ్యూలో, నా పేపర్లోని ముఖ్యమైన పద్ధతిని ఎందుకు ఎంచుకున్నావని అడిగారు” అన్నాడు. “జవాబు రాలేదు. అది నీ ఆలోచన కదా. ఆ మాటే చెప్పాను.”

“నా మీద జాలిపడా?”

“కాదు. నిజంగానే తెలియలేదు. అప్పుడు గానీ అర్థం కాలేదు, ఇన్నాళ్లూ నీ తెలివిని నాదని అనుకుంటున్నానని.” అతను కళ్లు ఒత్తుకున్నాడు.

ఆమెకూ కన్నీళ్లు ఆగలేదు. “ఆ మాట ఎవరికో చెప్పేదాకా నాకు చెప్పాలనిపించలేదా? నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది, తెలుసా!”

“తెలుసు.”

“అయితే అక్కడ నిలబడి ఏడవకు. ఆ ఊళ్లో పాపకి బడెక్కడ దొరుకుతుందో వెతుకు.”

“నన్ను కూడా రమ్మంటున్నావా?”

“నేను పనికెళ్తే పాపని బడినుంచి ఎవరు తీసుకొస్తారు మరి?” అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.